చర్చ: బింజ్ ఈటింగ్ తిండి వ్యసనమేనా? తీపి మొత్తం మానేస్తే తగ్గుతుందా?

బెజవాడ_అన్నయ్య

అందరికీ నమస్కారం. మా చెల్లికి బింజ్ ఈటింగ్ డిజార్డర్ అని ఈమధ్యే తేల్చారు. హైదరాబాద్‌లో ఉద్యోగం, హాస్టల్లో ఉంటుంది. వారంలో కొన్ని రాత్రులు ఆకలి లేకపోయినా తినడం మొదలుపెట్టి, పొట్ట నొప్పి పుట్టేదాకా ఆపలేకపోతోంది. తర్వాత కక్కుకోవడం, విరేచనాల మాత్రలు మింగడం లాంటివేమీ లేవు. ఏడుస్తుంది, తన మీద తనకే అసహ్యం అంటుంది.

ఇప్పుడు ఇంట్లో వాదన ఏమిటంటే, ఒక న్యూట్రిషన్ కోచ్ ఇది చక్కెర వ్యసనం అన్నారు. మెదడులో కొకైన్ పనిచేసే చోటే చక్కెరా పనిచేస్తుందట, కాబట్టి తాగుబోతు మందు మానినట్టు తీపి, మైదా ఇక జీవితంలో ముట్టకూడదట. సైకాలజిస్టు దీనికి పూర్తిగా ఎదురు చెప్పారు. మూడు పూటలా వేళకు తిను, మధ్యలో రెండుసార్లు చిరుతిండి తిను, ఏ పదార్థాన్నీ నిషేధించకు అన్నారు. అమ్మ కోచ్ వైపు ఉంది. నేను ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. మెదడు గురించి నిజంగా తెలిసిందేమిటో తెలిసినవాళ్లు చెప్పండి. చెల్లి కూడా ఇది చదువుతుంది, దయచేసి మాట జాగ్రత్త.

కృష్ణాతీరం

తమ్ముడూ, నేను డైటీషియన్‌ని. ఈ బాధతో వచ్చేవాళ్లను చూస్తూనే ఉంటాను. కోచ్ చెప్పిన తీరు మోటుగా ఉన్నా మాటలో బలం ఉంది.

2010లో అమెరికాలోని ఫ్లోరిడాలో, స్క్రిప్స్ పరిశోధన సంస్థలో పాల్ జాన్సన్, పాల్ కెన్నీ చేసిన ప్రయోగం చూడండి. ఎలుకలకు బేకన్, సాసేజ్, చీజ్‌కేక్ లాంటివి దాదాపు రోజంతా అందుబాటులో పెట్టారు. అవి లావెక్కడంలో వింత లేదు. ఒక దీపం వెలిగితే కాలికి షాక్ తగులుతుందని వాటికి నేర్పి, తినే వేళ ఆ దీపం వెలిగించారు. మామూలు ఎలుకలు తినడం తగ్గించాయి, ఇవి తింటూనే ఉన్నాయి. వీటి మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని అందుకునే డీ2 గ్రాహకాలు తగ్గిపోయాయి. ఆ తిండి తీసేసి మామూలు దాణా పెడితే రోజుల తరబడి సరిగా ముట్టలేదు. నష్టమని తెలిసీ ఆపలేకపోతే దాన్ని వ్యసనం అనక ఏమంటాం?

మనుషుల సంగతికొస్తే, యేల్ యూనివర్సిటీలో 2009లో ఆష్లీ గేర్‌హార్ట్ బృందం తిండి వ్యసనాన్ని కొలిచే ప్రశ్నావళి ఒకటి తయారుచేసింది. మాదకద్రవ్యాల వ్యసనానికి డాక్టర్లు వాడే లక్షణాలనే తిండికి వర్తించేలా రాశారు. బింజ్ ఈటింగ్ ఉన్న 81 మంది ఊబకాయులకు అది ఇస్తే 57 శాతం మంది వ్యసనం గీత దాటారు. నా దగ్గరికి వచ్చేవాళ్లు చెప్పేదీ ఇదే. ఒక్క గులాబ్‌జామ్‌తో ఆగడం వాళ్ల వల్ల కాదు. అలాంటివాళ్లకు 'ఏదైనా తినొచ్చు' అని చెప్పి పంపడం నాకు భయంగా ఉంటుంది.

న్యూరో_నోట్స్

నేను బెంగళూరులో ఇదే రంగంలో పరిశోధన చేస్తున్నాను. కృష్ణాతీరం గారు చెప్పిన ప్రయోగాలు నిజమే. అయితే కొకైన్ పోలికను ఇలా వదిలేయకూడదు, ఎందుకంటే దాని వల్లే జనం తిండిని చూసి వణికిపోతున్నారు.

ఆ మాటకు మూలాల్లో ఒకటి 2007లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో సెర్జ్ అహ్మద్ బృందం చేసిన ప్రయోగం. ఎలుకలకు రెండు మీటలు పెట్టారు. ఒకటి నొక్కితే రక్తంలోకి కొకైన్, రెండోది నొక్కితే తీపి నీళ్లు. 94 శాతం ఎలుకలు తీపి నీళ్ల వైపే వెళ్లాయి. 'కొకైన్ కంటే చక్కెరే ప్రమాదం' అని వార్తలు వచ్చింది దీని గురించే. కానీ ప్రధానమైన ప్రయోగంలో వాడింది శాకరిన్, కేలరీలు లేని కృత్రిమ తీపి. పైగా 2018లో అమెరికాలో మార్కో వెన్నిరో బృందం హెరాయిన్, మెత్ (మెథాంఫెటమిన్ అనే మత్తుమందు) అలవాటైన ఎలుకలకు మరో ఎలుకతో కలిసి గడిపే అవకాశం ఇస్తే, అవి మత్తుమందు వదిలి తోటి ఎలుకనే ఎంచుకున్నాయి. అంతమాత్రాన స్నేహాన్ని వ్యసనం అనలేం కదా.

ఇంకో ప్రయోగం ప్రిన్స్‌టన్‌లో బార్ట్ హోబెల్, నికోల్ అవీనా చేసింది. చక్కెర వ్యసనం అనేవాళ్లందరూ దీన్నే చూపిస్తారు, అందుకే కాస్త వివరంగా చెప్తాను. ఎలుకలకు రోజుకు 12 గంటలు ఏమీ పెట్టలేదు. తర్వాతి 12 గంటలు దాణాతో పాటు 10 శాతం పంచదార నీళ్లు పెట్టారు. కొన్ని వారాలు గడిచేసరికి నీళ్లు పెట్టగానే మొదటి గంటలోనే ఆబగా తాగడం మొదలైంది. ఓపియాయిడ్లను (నల్లమందు తరహా రసాయనాలు, మెదడే కొన్నిటిని తయారుచేస్తుంది) అడ్డుకునే నాలోక్సోన్ మందు ఇస్తే పళ్లు టకటకా కొట్టుకున్నాయి, బెదురు పెరిగింది. మత్తుమందు ఆపినప్పుడు కనబడే లక్షణాలే అవి.

ఇప్పుడు అసలు సంగతి. అవే పంచదార నీళ్లు పగలూ రాత్రీ అందుబాటులో ఉన్న ఎలుకల్లో ఈ లక్షణాలు రాలేదు. మొత్తం మీద అవేమీ తక్కువ తాగలేదు. మామూలుగా ఒక కొత్త రుచి మొదటిసారి తగిలినప్పుడు ఎగసే డోపమైన్, అలవాటయ్యే కొద్దీ నెమ్మదిస్తుంది. రోజంతా తాగే ఎలుకల్లో అలాగే నెమ్మదించింది. సగం రోజు పస్తు ఉండి తాగే ఎలుకల్లో మాత్రం రోజూ కొత్త రుచికి ఎగసినట్టే ఎగసింది. పంచదార రెండు గుంపుల్లోనూ ఒకటే. మెదడును మార్చింది పస్తు, ఆ తర్వాత ఒక్కసారిగా విందు.

మనుషుల్లో ఒక తాజా పరీక్ష కూడా ఉంది. 2025లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 50 మందికి కొవ్వు, చక్కెర దట్టంగా ఉన్న మిల్క్‌షేక్ ఇచ్చి పెట్ స్కాన్‌లో డోపమైన్ చూసింది. మత్తుమందులకు కనబడేంత పెద్ద పెరుగుదల కనబడలేదు. ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంది, ఒంటి కొవ్వుతో సంబంధమూ తేలలేదు.

పెరుగన్నం

నాకు ఈ జబ్బు ఉంది. ఇప్పుడు చాలావరకు అదుపులో ఉంది. ఎలుకల గురించి మీరంతా మాట్లాడుతున్నారు కాబట్టి ఆ సమయంలో లోపల ఎలా ఉంటుందో చెప్తాను.

అందరూ పడుకున్నాక వంటింట్లో లైటు వెయ్యను. ఫ్రిజ్ తలుపు తెరిచి ఆ వెలుతురులోనే నిలబడి తింటాను. మొదట ఏదైనా తీపి. అది అయిపోయాక పొద్దుటి చల్లటి పప్పు, గిన్నెలోంచే చేత్తో. బిస్కెట్లు రెండేసి కలిపి నోట్లో కుక్కుకుంటాను. చివరికి స్టీలు డబ్బాలో పచ్చి అటుకులు దొరికితే పంచదార చల్లుకుని అవీ తింటాను. ఇందులో నాకు రుచిగా అనిపించేది మొదటి రెండు మూడు ముద్దలే. ఆ తర్వాత ఏం తింటున్నానో కూడా తెలియదు. దవడ నొప్పి తెలుస్తుంది, పొట్ట బిగిసిపోవడం తెలుస్తుంది, కానీ చెయ్యి ఆగదు.

జిహ్వ చాపల్యం అని అందరూ అంటారు. నాలుకకు అందులో ఏ సుఖమూ లేదు. సుఖం కోసమే తింటున్నానని అనుకున్నన్నాళ్లూ నన్ను నేను తిట్టుకున్నాను. ఇంత అసహ్యంగా ఉన్నదాన్ని ఇంతలా ఎందుకు కోరుకుంటున్నానో దయచేసి ఎవరైనా చెప్పండి.

న్యూరో_నోట్స్

పెరుగన్నం గారూ, ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. మీ ప్రశ్నకు ఈ శాస్త్రంలో గట్టి జవాబు ఉంది.

మిషిగన్ యూనివర్సిటీలో కెంట్ బెర్రిడ్జ్ 1980ల నుంచి దీని మీదే పనిచేస్తున్నారు. అప్పట్లో డోపమైన్ అంటే సుఖాన్నిచ్చే రసాయనం అని అందరూ నమ్మేవారు. ఆయన ఎలుకల మెదడులో డోపమైన్‌ను దాదాపు పూర్తిగా తీసేసి చూశారు. అవి తిండి కోసం కదలడమే మానేశాయి. పక్కనే తిండి పెట్టినా ఆకలితో చచ్చిపోయే స్థితి. కానీ నోట్లో తీపి చుక్కలు వేస్తే ఎప్పటిలాగే పెదాలు నాక్కున్నాయి. అంటే రుచి చెక్కుచెదరలేదు, పోయింది యావ ఒక్కటే. మరోవైపు, పుట్టుకతోనే డోపమైన్ ఎక్కువగా నిలిచి ఉండే చిట్టెలుకలు తీపి కోసం మరింత పరుగెత్తాయి గానీ, దాన్ని మరింతగా ఆస్వాదించిన గుర్తులు చూపలేదు.

రుచిలోని సుఖం వేరే ఏర్పాటు. న్యూక్లియస్ అకంబెన్స్, వెంట్రల్ పాలిడమ్ అనే భాగాల్లో చిన్న చిన్న చోట్లు ఉన్నాయి, ఎలుకలో ఒక్కోటి ఘన మిల్లీమీటరు అంత. అక్కడ ఓపియాయిడ్లు పనిచేస్తే తీపి మరింత తియ్యగా తోస్తుంది. యావకూ సుఖానికీ మామూలుగా జోడు కుదిరే ఉంటుంది కాబట్టి మనకు రెండూ ఒకటే అనిపిస్తాయి. బింజ్‌లో ఆ జోడు విడిపోతుంది. సుఖం మూడో ముద్దకే అయిపోతుంది, యావ మాత్రం పొట్ట పగిలేదాకా నడిపిస్తుంది. అందుకే అసహ్యంగా ఉన్నా చెయ్యి ఆగలేదు. మిమ్మల్ని మీరు తిట్టుకోవాల్సినది ఇందులో ఏమీ లేదు.

ఈ యావను రేపేది ఎక్కువగా తిండి కంటే ముందు వచ్చే సూచన. కోతుల మీద వోల్ఫ్‌రామ్ షుల్ట్జ్ చేసిన పనిలో, పండ్లరసం వస్తుందని తెలిపే దీపానికి అలవాటుపడ్డాక డోపమైన్ కణాలు రసానికి కాకుండా ఆ దీపానికే స్పందించాయి. మీ విషయంలో ఇల్లు సద్దుమణగడం, ఫ్రిజ్ వెలుతురు ఆ దీపం పని చేస్తుండవచ్చు.

బింజ్ ఉన్నవాళ్ల మీదే నేరుగా చేసిన స్కాన్ ఒకటుంది. 2011లో జీన్-జాక్ వాంగ్, నోరా వోల్కో బృందం ఊబకాయం ఉన్న 18 మందిని తీసుకుంది, వాళ్లలో 10 మందికి బింజ్ ఈటింగ్ ఉంది. ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు వాళ్లకు ఇష్టమైన తిండి చూపించి, వాసన చూపించి, నాలుక మీద రుచి తగిలించారు, తిననివ్వలేదు. డోపమైన్ సంకేతం స్పష్టంగా కనబడేందుకు మిథైల్‌ఫెనిడేట్ మాత్ర ఇచ్చారు. బింజ్ ఉన్నవాళ్లలో కాడేట్ అనే భాగంలో డోపమైన్ పెరిగింది, లేనివాళ్లలో పెరగలేదు. ఆ పెరుగుదల బింజ్ తీవ్రతతో ముడిపడింది, బరువుతో కాదు. చిన్న అధ్యయనమే అయినా ఈ చివరి ముక్క నాకు చాలా ముఖ్యం. లావుగా ఉండటం, బింజ్ ఉండటం మెదడులో ఒకటి కావు.

కృష్ణాతీరం

న్యూరో_నోట్స్ గారూ, మీరు నా వాదనకే బలం చేకూర్చారు. యావకూ సుఖానికీ పొత్తు విడిపోతుందన్న సిద్ధాంతాన్ని 1993లో టెర్రీ రాబిన్సన్, బెర్రిడ్జ్ రాసింది దేన్ని వివరించడానికి? మాదకద్రవ్యాల వ్యసనాన్నే కదా. సూచన కనబడగానే యావ, సుఖం లేకపోయినా ఆగని చెయ్యి, నష్టం తెలిసీ మానలేకపోవడం, అన్నీ సరిపోయాయి. పేరు దగ్గరికొచ్చేసరికి వెనకాడుతున్నారు.

ఇంకొకటి. ప్యాకెట్ తిండిని తేలిగ్గా తీసుకోకండి. అదే కెవిన్ హాల్ 2019లో 20 మందిని ఆసుపత్రిలోనే ఉంచి రెండు వారాలు అల్ట్రా ప్రాసెస్డ్ తిండి (ఫ్యాక్టరీలో బాగా మార్చి తయారుచేసినది), రెండు వారాలు మామూలు తిండి పెట్టారు. పెట్టిన భోజనాల్లో చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు సమానంగా సరిచూశారు, ఎంత కావాలంటే అంత తినమన్నారు. ప్రాసెస్డ్ తిండి పెట్టినప్పుడు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. వాళ్లెవరూ పస్తులున్నవాళ్లు కాదు. కెన్నీ ఎలుకలూ పస్తున్నవి కావు. నేరమంతా పస్తు మీదకు నెట్టేస్తే ఆ కంపెనీలకు అంతకంటే ఏం కావాలి?

న్యూరో_నోట్స్

ప్యాకెట్ తిండి సంగతి ఒప్పుకుంటాను, దాని వల్ల అందరూ ఎక్కువ తింటారు. కానీ అందరికీ బింజ్ రాదు.

వ్యసనంతో పోలిక ఉందని కూడా ఒప్పుకుంటాను. నా పేచీ అంతా చికిత్స దగ్గర. మందు మానేసినవాడు మందు లేకుండా బతకగలడు. తిండి విషయంలో 'మానేయడం' అంటే కొన్ని పదార్థాల మీద నిషేధం, అది తెగినప్పుడు విరుచుకుపడటం. పెన్ స్టేట్‌లో రెబెకా కార్విన్ చేసిన పని దీనికి సరిగ్గా సరిపోతుంది. ఆమె ఎలుకలకు పస్తు లేనే లేదు, దాణా ఎప్పుడూ ఉంటుంది. వనస్పతి లాంటి కొవ్వు మాత్రం కొన్నిటికి రోజూ ఒక గంట, కొన్నిటికి సోమ, బుధ, శుక్రవారాల్లో ఒక గంట. వారానికి మూడుసార్లే దొరికేవి, దొరికిన ఆ గంటలో రోజూ దొరికేవాటి కంటే చాలా ఎక్కువ తిన్నాయి. ఆకలి లేదు, కొవ్వు అదే, గంట అదే. దొరక్క దొరకడమే తేడా.

జర్మనీలో యొహానెస్ హెబెబ్రాండ్ బృందం 2014లో, ఫలానా పదార్థానికి బానిస కావడం అనే కంటే తినే తీరుకు బానిస కావడం అంటే సబబుగా ఉంటుందని వాదించింది. నేనూ అక్కడే ఉన్నాను.

స్కాన్ల ఫలితాలు కూడా అందరూ చెప్పినంత సూటిగా లేవు. తిండి బొమ్మలు చూపిస్తే బింజ్ ఉన్నవాళ్ల మెదడులో ఆర్బిటోఫ్రంటల్ భాగం (కళ్ల పైన ఉండేది, దేని విలువ ఎంతో అంచనా వేసేది) మిగతావాళ్ల కంటే ఎక్కువగా స్పందించిందని 2009 నాటి జర్మన్ పరిశోధన చెప్పింది. డబ్బు గెలుస్తారని ఆశ పెట్టినప్పుడు మాత్రం వాళ్ల వెంట్రల్ స్ట్రయాటమ్ (న్యూక్లియస్ అకంబెన్స్ ఉండే భాగం) బింజ్ లేని ఊబకాయుల కంటే తక్కువగా స్పందించిందని 2013లో యేల్ బృందం చూసింది. తిండి ఆశకు ఎక్కువ, వేరే ఆశకు తక్కువ. 'వీళ్ల మెదడుకు డోపమైన్ చాలదు' అన్న ఒక్క ముక్కలో ఇది ఇమడదు.

రిటైర్డ్_మాస్టారు

నాయనలారా, పెద్దవాడిని, తప్పుగా అనుకోవద్దు. మా కాలంలో ఏకాదశి ఉపవాసం ఉండేవాళ్లం, శనివారం ఒంటిపూట. నోరు కట్టుకోవడం చిన్నప్పుడే అలవాటయ్యేది. ఇలాంటి జబ్బు పేరే వినలేదు. పస్తు వల్ల ఈ రోగం వస్తుందంటే మా తరం అంతా రోగిష్టులమే కావాలి. పిల్లలకు నిగ్రహం నేర్పకుండా మెదడులో రసాయనాలు అంటే ఎలా? మనసు గట్టిగా పెట్టుకుంటే సాధ్యం కానిది లేదని నేను నిజంగా నమ్ముతాను.

పెరుగన్నం

మాస్టారు గారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను. నోరు కట్టుకోవడంలో నన్ను మించినవాళ్లు మా ఇంట్లో లేరు. రాత్రి జరిగినదానికి శిక్షగా పొద్దున టిఫిన్ మానేసేదాన్ని, మధ్యాహ్నం రెండు కీరా ముక్కలు, సాయంత్రం కాఫీ. ఆఫీసులో అందరూ నా నిగ్రహాన్ని మెచ్చుకునేవాళ్లు. ఆ మెచ్చుకున్న రోజే రాత్రి మళ్లీ వంటింట్లో ఉండేదాన్ని. నాకు మనసు గట్టిది కాకపోతే పగలంతా అలా ఉండగలనా?

అలాగని పస్తు ఒక్కటే కారణమని నేనూ అనను. నాకిది చిన్నపిల్లగా ఉన్నప్పుడే మొదలైంది, డైటింగ్ అనే మాట అప్పటికి నాకు తెలియదు. పెళ్లిళ్లలో ఆపలేక తిని తర్వాత దాక్కునేదాన్ని. నాన్న వైపు మేనత్తకూ ఇలాగే ఉండేదట, ఆవిడను ఊరంతా తిండిపోతు అని పిలిచేవారు.

సికింద్రాబాద్_పీజీ

సైకియాట్రీలో పీజీ చేస్తున్నాను. రెండు మూడు సంగతులు చెప్తాను.

మాస్టారు గారూ, జబ్బు పాతదే. అమెరికాలో ఆల్బర్ట్ స్టంకార్డ్ 1959లోనే దీన్ని వర్ణించారు. విడిగా జబ్బుగా గుర్తింపు మాత్రం 2013లో డీఎస్‌ఎం-5 (అమెరికా సైకియాట్రిస్టులు మానసిక జబ్బుల గుర్తులు రాసే పుస్తకం)తో వచ్చింది. వారానికి కనీసం ఒకసారి, మూడు నెలల పాటు, అదుపు తప్పిన తిండి ఉండాలి. గబగబా తినడం, ఆకలి లేకపోయినా తినడం, సిగ్గుతో ఒంటరిగా తినడం లాంటి ఐదు గుర్తుల్లో మూడైనా కనబడాలి. కవలల మీద చేసిన అధ్యయనాల్లో వారసత్వం వాటా 40 నుంచి 57 శాతం దాకా వచ్చింది. పెరుగన్నం గారి మేనత్త విషయం అందుకే నాకు వింతగా లేదు. ఉపవాసాలు మీ తరంలో చాలామందికి ఏమీ చేయలేదు, నిజమే. పుట్టుకతో ఆ వైపు మొగ్గు ఉన్నవాళ్లకు అదే నిప్పు రాజేస్తుంది. అలాంటి మొగ్గు ఏమీ లేని ఆరోగ్యవంతులైన 36 మంది యువకులను 1944–45లో మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ ఆరు నెలలు అర్ధాకలితో ఉంచారు. మళ్లీ తిండి పెట్టినప్పుడు కొందరు పొట్ట నిండినా ఆపలేకపోయారు. అంతకుముందు వాళ్లలో ఈ తీరు లేదు.

ఇక మందులు. జీవశాస్త్రం గురించి మనం అనుకుంటున్నది ఎంత నిజమో తేల్చడానికి నాకైతే ఇదే మంచి పరీక్ష. సమస్య సుఖం ఎక్కువవడమే అయితే ఓపియాయిడ్లను అడ్డుకుంటే తగ్గాలి. సామిడార్ఫాన్ అనే అడ్డుమందును బింజ్ రోగులకు ఇచ్చి చూశారు, 2013లో ఫలితం వచ్చింది. డమ్మీ మాత్ర కంటే మెరుగనిపించుకోలేదు. కేంబ్రిడ్జిలో అలాంటి మరో మందు ఇస్తే తీపి, కొవ్వు పదార్థాలు అంత బాగా లేవని రోగులు చెప్పారు, కానీ బింజ్ కొలమానాల్లో గట్టి తేడా రాలేదు. రుచి తగ్గింది, జబ్బు తగ్గలేదు.

పనిచేసిందేమో లిస్‌డెక్స్‌యాంఫెటమిన్, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరని సమస్య) మందు. 2015 జనవరిలో అమెరికా ఎఫ్‌డీఏ దీన్ని మధ్యస్థ, తీవ్ర బింజ్ ఈటింగ్‌కు ఆమోదించింది. ఇది డోపమైన్‌ను, నోర్ఎపినెఫ్రిన్‌ను పెంచే మందు. డోపమైన్ ఎక్కువై తింటున్నారంటే, పెంచే మందు ఎలా పనిచేసింది? నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ భాగం పట్టు దీనితో మెరుగవుతుందని, ఒక్క సూచనకే యావ ఎగిసిపడకుండా ఉంటుందని వివరిస్తారు. పెద్ద పరీక్షల్లో బింజ్ రోజులు వారానికి దాదాపు 4 తగ్గాయి, డమ్మీ మాత్రతో కూడా 2 పైనే తగ్గాయి. అంటే ఎవరో పట్టించుకుని వారం వారం అడగడం కూడా కొంత పని చేసి ఉండవచ్చు. గుండె, బీపీ, అలవాటుపడే ప్రమాదం ఉన్న మందు ఇది, బరువు తగ్గడానికి వాడకూడదు. దయచేసి ఎవరూ ఇది చదివి సొంతంగా ప్రయత్నించవద్దు.

అన్నయ్య గారి ప్రశ్నకు నేరుగా చెప్తాను. బ్రిటన్‌లో చికిత్సలకు ప్రమాణాలు రాసే నైస్ అనే సంస్థ 2017 మార్గదర్శకాల్లో పెద్దవాళ్లకు మొదటి చికిత్సగా చెప్పింది సీబీటీ (ఆలోచనల తీరును, అలవాట్లను మార్చే మానసిక చికిత్స) పద్ధతిలో రాసిన స్వయంసహాయ కార్యక్రమం, ఒక నిపుణుడి తోడుతో. చికిత్స జరుగుతున్నంతకాలం బరువు తగ్గే ప్రయత్నం వద్దని, అది బింజ్‌ను రేపుతుందని అందులోనే ఉంది. మీ సైకాలజిస్టు చెప్పింది ఆ దారే. సీబీటీతో దాదాపు సగం మందికి బింజ్ పూర్తిగా ఆగుతుంది.

అయితే 'ఏ డైటూ వద్దు' అనేవాళ్లు ఒకటి గమనించాలి. 2010లో వచ్చిన 205 మంది అధ్యయనంలో, నిపుణుల పర్యవేక్షణలో ఓ మోస్తరుగా తిండి తగ్గించిన గుంపులో బింజ్ పెరగలేదు, తగ్గింది. కానీ రెండేళ్ల తర్వాత చూస్తే సీబీటీ స్వయంసహాయం, ఇంటర్‌పర్సనల్ థెరపీ (తోటివాళ్లతో సంబంధాల మీద పనిచేసే చికిత్స) తీసుకున్నవాళ్లే ఎక్కువగా బాగున్నారు. వేళకు తింటూ కొంచెం తగ్గించడం వేరు, పగలంతా ఎండబెట్టుకోవడం వేరు.

బెజవాడ_అన్నయ్య

అందరికీ చాలా కృతజ్ఞతలు. చెల్లి పెరుగన్నం గారి పోస్టు చదివి చాలాసేపు మాట్లాడింది. తనూ పగలు సరిగా తినడం లేదని నాకిప్పుడే తెలిసింది. ఒక్క ప్రశ్న. అమ్మ ప్రతి నెలా అరిసెలు, సున్నుండలు డబ్బాలో పంపుతుంది. ఇప్పుడు పంపాలా, మానాలా? పంపితే ఒక్క రాత్రిలో అయిపోతాయి. మానేస్తే మీరన్న నిషేధమే అవుతుంది.

సైలెంట్_రీడర్

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. బరువు తగ్గే ఇంజెక్షన్లు, సెమాగ్లుటైడ్ లాంటివి, తిండి గోల తగ్గిస్తాయంటున్నారు. అవి దీనికి పనికొస్తాయా?

సికింద్రాబాద్_పీజీ

సైలెంట్_రీడర్ గారూ, ఈ ఇంజెక్షన్లు జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌లా పనిచేస్తాయి, దాని గ్రాహకాలు పేగుల్లోనే కాక మెదడులోనూ ఉన్నాయి, యావ తగ్గిందని చాలామంది చెప్తున్నారు కూడా. కానీ వాటికి ఆమోదం ఉన్నది ప్రధానంగా మధుమేహానికి, ఊబకాయానికి. బింజ్ ఈటింగ్‌కు లేదు. ఆకలి చచ్చిపోయి పూటలు ఎగ్గొట్టడం మొదలైతే, ఈ చర్చంతా దేని గురించో అదే మళ్లీ వస్తుంది. మధుమేహం కూడా ఉంటే ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని నిర్ణయించాలి.

అన్నయ్య గారూ, డబ్బా నిండా పంపొద్దు, పూర్తిగా మాననూ వద్దు. మొదటి కొన్ని వారాలు గదిలో నిల్వ ఉండకపోవడమే మంచిది, సూచనలు తగ్గుతాయి. పూటలు వేళకు కుదిరాక, పగటిపూట, భోజనం అయ్యాక, ఎవరైనా తోడున్నప్పుడు ఒక సున్నుండ. ఎప్పుడు, ఎన్ని అనేది చెల్లి, సైకాలజిస్టు కలిసి అనుకోవాలి, అమ్మగారో మీరో కాదు. నిరాశ, ఆత్మహత్య ఆలోచనలు ఉన్నాయేమో కూడా ఒకసారి నెమ్మదిగా అడగండి. ఈ జబ్బుతో పాటు అవి తరచుగా ఉంటాయి. రాత్రిపూట ఎవరూ దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

పెరుగన్నం

నావీ రెండు మాటలు. తన కంచం వైపు చూడకండి. 'ఈరోజు బాగానే తిన్నావే' అన్న మెచ్చుకోలు కూడా వద్దు, అది లెక్కపెట్టినట్టే ఉంటుంది. టిఫిన్ తినమని చెప్పడం కంటే, ఫోన్‌లో మాట్లాడుతూ మీరూ అదే వేళకు తింటే ఎక్కువ ఉపయోగం. బింజ్ అయిన మర్నాడు పొద్దున టిఫిన్ తినడం నాకు అన్నిటికంటే కష్టంగా ఉండేది, నిజంగా మేలు చేసింది కూడా అదే.

కృష్ణాతీరం

నా మాట నేను వెనక్కి తీసుకోవడం లేదు. గేర్‌హార్ట్ ప్రశ్నావళిలో గీత దాటిన ఆ 57 శాతం మందికి కొన్ని పదార్థాలు చాలాకాలం దూరంగా ఉంచాల్సి రావచ్చు. నా దగ్గర అలా ఉండి బాగున్నవాళ్లు ఉన్నారు. చిప్స్, క్రీమ్ బిస్కెట్లు, కూల్‌డ్రింకుల్ని సున్నుండతో ఒకే గాటన కట్టడం కూడా నాకు నచ్చదు. ఒకటి ఇంట్లో మినుములు, బెల్లం, నెయ్యితో చేసినది. రెండోది ఎంత తిన్నా ఇంకా తినాలనిపించేలా తయారుచేసి అమ్మేది.

కానీ దూరం పెట్టడం అనేది పూటలన్నీ కుదిరాకే చేస్తాను. తమ్ముడూ, మీ చెల్లి నా దగ్గరికి వస్తే మొదటిరోజు నేను రాసిచ్చేది ఇది: పొద్దున 8కి రెండు ఇడ్లీలో, పెసరట్టో, ఏదైనా సరే, ఎగ్గొట్టకుండా. 11కి పండో, గుప్పెడు పల్లీలో. మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర, పెరుగు, కడుపునిండా. సాయంత్రం 5కి తప్పనిసరిగా ఏదో ఒకటి, ఎందుకంటే రాత్రి బింజ్ చాలామందిలో ఈ ఖాళీలోంచే వస్తుంది. రాత్రి 8కి భోజనం. కేలరీలు రాయను, తూకం చూడను. నిషేధాల పట్టిక మొదటి నెలలో ఇవ్వను. ఆ కోచ్ జీవితాంతం ముట్టకూడదన్న మాట మీ చెల్లి ముందు మళ్లీ అనకుండా చూడండి. తర్వాత ఏం దూరంగా ఉంచాలో తన ప్రశ్నావళి చూసి, తనను అడిగి, తనతోనే రాయిస్తాను.